మావారు

మావారు కండక్టరు, అంటాను.
కళ్ళద్దాల కొట్లో ఫ్రేములు తుడుస్తూ,
మదనపల్లె నుంచి వచ్చిన పెద్దావిడ అడిగితే.
పొద్దున నాలుగున్నరకే డ్యూటీ,
టీ కూడా తాగకుండా పోతారు, అంటాను.
పాపం, అంటుందావిడ,
మగాళ్ళ కష్టం మగాళ్ళది.

నేనేం అబద్ధం చెప్పలేదు.
తెలుగులో ఆ ఒక్క మాట
ఎవరు చేసిపెట్టి పోయారో గానీ
అందులో మగా లేదు, ఆడా లేదు,
ఒక్కరికే పదిమందికిచ్చినంత మర్యాద.
పదకొండేళ్ళుగా ఆ బహువచనం కింద
గొడుగు కింద నిలబడ్డట్టు నిలబడ్డాను.
కాళ్ళు మాత్రం తడుస్తూనే ఉన్నాయి.

చెబితే గిరిజ నవ్వుతుంది.
శిడ్లఘట్ట నవ్వు, సగం కన్నడం, సగం తెలుగు.
"మీవారికి ఆకలవుతోంది, కాస్త చూడమ్మా"
అంటూ ఖాకీ చొక్కా గుండీలు విప్పి
చాప మీద బ్యాగు బోర్లిస్తుంది.
చిల్లర. చిరిగిన పది నోట్లు.
ఎవరో సీట్లో మరిచిపోయిన తాళంచెవి.
వేళ్ళకంటిన నాణేల వాసన సబ్బుకి పోదు.
ఆ వాసన లేని రాత్రి, తను ఊరెళ్ళిన రాత్రి,
నాకు నిద్ర పట్టదు.

ఇంటి ఓనరమ్మకి మేం అక్కచెల్లెళ్ళం.
పోలికల్లేవే, అంది మొదట్లో.
కలిసి తింటే పోలికలొస్తాయిలే, అని తనే సర్దుకుంది.
నిజమే కాబోలు.

మొన్న శివాజీనగర్‌లో తన బస్సే ఎక్కాను.
పరాయిదాన్ని చూసినట్టు చూసి
"ఎల్లిగె?" అంది.
కె.ఆర్.పురం, అన్నాను,
ఇద్దరి ఇంటి తాళం నా గుప్పిట్లో ఉండగా.
ఆడవాళ్ళకి డబ్బు లేదు కదా, సున్నా టికెట్ చింపిచ్చింది.
వెనక పెన్నుతో: అవరెకాయ తే.
అలాంటి సున్నాలు హార్లిక్స్ సీసా నిండా ఉన్నాయి ఇంట్లో.
ఎవరైనా కూడి చూస్తే ఏమీ రాదు.

మర్నాడు రాత్రి నానిన గింజలు పితుకుతూ కూర్చున్నాం.
తొక్క అటు, పప్పు ఇటు.
హిందూపురం నుంచి అమ్మ ఫోను.
"ఏం చేస్తాండావు?"
పితికిపప్పు.
"ఇద్దరికేనా?"
ఇద్దరికే.
కాసేపు ఫోన్లో ఏమీ లేదు,
వాళ్ళింటి ఫ్యాను చప్పుడు తప్ప.
"ఆ యమ్మికి కారం పడదంటివే. తగ్గించి ఎయ్యి."
ఆ మాటని అమ్మ ఎన్నేళ్ళు నానబెట్టిందో.

పంతొమ్మిదేళ్ళప్పుడు
లోపం నా చూపులోనే ఉందనుకున్నాను.
ఏ అద్దం మార్చి చూసినా
హాస్టల్ మెట్ల మీద అదే అమ్మాయి,
అదే తడి జడ.
బోర్డు మీది అక్షరాలు సరిగ్గానే ఉన్నాయని
ఒప్పుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది.

నలభై రెండు దాటాక గిరిజకి దగ్గరి చూపు తగ్గింది.
నోటు మంచిదో దొంగదో చెయ్యి చాపి చూస్తోంది.
డ్యూటీ దిగి, ఖాకీ మీదే కొట్టుకొచ్చింది.
నేనే కూర్చోబెట్టాను, నేనే అద్దాలు మార్చాను.
ఇలానా? ఇలానా?
మొదటిదే, అంది.
ఎన్నిసార్లడిగినా మొదటిదే అంటుంది, మొండిది.

బిల్లు దగ్గర వరదరాజులు శెట్టిగారు
"ఇంటోళ్ళకైతే ఇరవై శాతం తగ్గింపు.
ఈమె నీకేమవుతుందమ్మా?"

అక్క, చెల్లెలు, రూమ్మేటు, చిన్నమ్మ కూతురు,
అందరూ నాలిక చివర
బస్సు కోసం నిల్చున్నట్టు నిల్చున్నారు.
ఒక్కరూ ఎక్కలేదు.

"మా ఆవిడ," అన్నాను.

ఏకవచనం. నా నోటితో.

శెట్టిగారి పెన్ను ఆగింది.
బయట ఒక ఆటో హారన్ కొట్టీ కొట్టీ మానేసింది.
విన్నాడో, విననట్టు ఉన్నాడో
నాకిప్పటికీ తెలీదు.
ఇరవై శాతం కొట్టేసి సంతకం పెట్టాడు.
రేపేమంటాడో, అది రేపటి సంగతి.

గిరిజ కొత్త అద్దాలు పెట్టుకుని
ముందు టికెట్ మిషన్ చూసుకుంది,
తర్వాత తన అరచెయ్యి,
తర్వాత బాగా దగ్గరికొచ్చి
నా మొహం.

"అయ్యో, ఇన్ని తెల్లవెంట్రుకలా నీకు!
ఎప్పట్నుంచే?"