తిరిగొచ్చే నరం

సన్మాన సభల్లో ఎవరో ఒకరు అనకుండా ఉండరు,
"డాక్టరమ్మగారికి రోగి గుండెచప్పుడే తాళం" అని.
నేను చెవి ముక్కు గొంతు డాక్టర్ని.
గుండె నా శాఖ కాదు.
శాలువా కప్పించుకుని నవ్వి ఊరుకుంటాను.

నిజం చెప్పాలంటే రెంటికీ పడదు.
నాలుగున్నరకి, పూల్‌బాగ్‌లోకి పాలబండి రాకముందే,
ఫోనులో తంబూరా పెట్టుకుని మంద్రంలోకి దిగుతానా,
కింది పంచమం అందేలోగా
అదే ఫోను మోగుతుంది:
"మేడమ్, పిల్లాడు ముక్కులో కుంకుడుగింజ దూర్చేసుకున్నాడు."
తంబూరా ఆగిపోతుంది.
ఫోనుకి ఒకసారి ఒకటే పని వచ్చు.
నాకూ అంతే.

రోజుకి అరవై గొంతుల్లో లైటు వేసి చూస్తాను.
వాళ్ళ దగ్గు వాళ్ళతో ఇంటికి పోదు.
వానాకాలం మూణ్ణెల్లూ నా తారస్థాయి
చంపావతి అవతలి ఒడ్డునే ఉండిపోతుంది.

బొంకులదిబ్బ వెనక కూర్మాయమ్మగారిల్లు.
మెడిసిన్ సీటొచ్చిందని మిఠాయి పట్టుకెళ్తే
"మంచిదే. మరి తోడి?" అన్నారు.
ఆ గాంధారం మీదే ఏడు నెలలు కూర్చోబెట్టారు నన్ను.
"నొక్కకు. నొక్కితే చచ్చిపోతుంది.
ఆనీ ఆననట్టు ఉండు, అదే ఊగుతుంది."

ఆ మంగళవారం సాయంత్రం ఆరున్నరకి నా కచేరీ.
మధ్యాహ్నం రెండింటికి బల్ల మీద మైలపల్లి నూకరత్నం,
ఊరు కోనాడ, మెడలో కమలాపండంత గడ్డ.
ముందురోజు నా చెయ్యి పట్టుకుని వదల్లేదు:
"గెడ్డ ఉన్నా పర్నేదమ్మా, గొంతు పోకూడదు.
ఈదిలో కేకెయ్యకపోతే నా సేపలెవులు కొంతారు?"

గొంతుని కదిలించే నరం తిన్నగా గొంతుకి పోదు.
తలలోంచి బయల్దేరి, మెడ దాటిపోయి,
రొమ్ములోకి దిగి, అక్కడో పెద్ద రక్తనాళాన్ని చుట్టి
మళ్ళీ పైకెక్కుతుంది.
మొదటి ఏడాది చదివినప్పుడు
దేవుడికి దారి తెలీదనుకున్నాను.
ఇప్పుడు అలా అనుకోను.

గడ్డని ఎత్తిపట్టి వెనక వెతికాను.
ధమని పక్కన నక్కి ఉంది,
తెల్లగా, తడిగా, జాజిమొగ్గ కాడంత కూడా లేదు.
మత్తు డాక్టరు గడియారం వైపు చూశాడు.
ఏ రాగమూ గుర్తు రాలేదు. రాదు కూడా.
వేళ్ళకి మాత్రం ఒక మాట గుర్తుంది.
యాభై నిమిషాలు,
ఆనీ ఆననట్టు.

గొట్టం తీసి, తెలివొచ్చాక,
"నూకరత్నం, ఆ అను" అన్నాను.
నోరు తెరిచింది.
గాలి.
ఇంకోసారి అను.
గాలే.
గొట్టం వాపమ్మా, తగ్గుతుందిలే అని
ఆమెకి చెప్పానో నాకు చెప్పుకున్నానో.

కచేరీకి నలభై నిమిషాలు ఆలస్యం.
వయొలిన్ ఆయన పాపం ఒక్కడే వర్ణం వాయించేశాడు.
చేతుల్లో ఇంకా సబ్బు వాసన. తోడి ఎత్తుకున్నాను.
హాల్లో చాలామంది కళ్ళు మూసుకున్నారు.
నేను మూయలేదు.
మూస్తే ఆ గాలే వినిపిస్తోంది.
అయిపోయాక ముందు వరసలోంచి కర్ర పట్టుకుని లేచి
కూర్మాయమ్మగారు ఒకే ఒక్క ముక్క అన్నారు:
"ఇవాళ దాన్ని నొక్కేశావు."

మర్నాడు ఏడింటికి వార్డు.
మెట్ల మీదే కాళ్ళు బరువయ్యాయి.
నూకరత్నం మంచం మీద బాసింపట్టు వేసుకుని
పక్కమంచం ముసలామెతో బేరం ఆడుతోంది,
లేని చేపలకి.
"సందువ. కిలో ఏడొందలు. నీకని ఆరొందలేబై."
బొంగురే. కానీ గొంతే.
నన్ను చూసి, తల మీద గంప సర్దుకున్నట్టు చెయ్యెత్తి,
సన్నగా లాగింది:
"సేపలమ్మా... సేపలో..."
ఆ "లో" చివర ఒక ఊపుంది.
ఏడు నెలలు ఎవరి ముందూ కూర్చోకుండా వచ్చింది.
సిస్టరు కసిరింది, కుట్లు ఊడతాయని.

కేస్ షీటులో రాశాను:
స్వరం బాగానే ఉంది.
ఇరవయ్యేళ్ళలో నన్ను గురించి కూర్మాయమ్మగారు
ఇంత మాట అనలేదు.