పదో నంబరు స్పానర్

లేడా నది ఒడ్డున పడవల షెడ్డు తాళం
నలభై ఏళ్లుగా నా దగ్గరే ఉంటుంది.
తెడ్డు వేసేది ఎవరో నేను తలెత్తి చూడను.
నీళ్లు తెగిన చప్పుడు చాలు.

వీబ్కె చాడెన్ వచ్చినప్పుడు పదమూడేళ్లు.
మోచేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీని పిల్ల,
మనిషి కన్నా ముందు చేతులు ఎదిగేశాయి.
ఒక పాత పడవ చూపించి, ఒక స్పానర్ ఇచ్చాను.
"ఇందులో వదులయ్యేవన్నీ దీంతోనే బిగించాలి,
పారేశావో, ఈదుకుంటూ రా" అన్నాను.
నవ్వలేదు. జేబులో వేసుకుని జిప్పు లాగింది.

మా ఊళ్లో సముద్రం పోటు మీదుంటే
నది వెనక్కి నడుస్తుంది.
ఆ పిల్ల సరిగ్గా ఆ వేళే చూసుకుని ఎదురు తెడ్డు వేసేది.
అరచేతుల బొబ్బలు చితికి, ఎండి, మళ్లీ లేచి
చివరికి చర్మం తోలయ్యింది.

ఈ ఆటలో వెళ్లే వైపుకి వీపు పెట్టి కూర్చోవాలి.
గెలిచే పడవకి అందరూ కనిపిస్తారు,
వెనకబడ్డ ముఖాలన్నీ, వరసగా.
ఓడే పడవకి కనిపించేవి
ఖాళీ నీళ్లు.

పద్దెనిమిదో ఏట డోర్ట్‌మండ్ తీసుకుపోయారు.
అక్కడ కాలువ. ఆటూ లేదు, పోటూ లేదు.
సరుకు పడవల అలలు తగ్గేదాకా ఆగి
ఎనిమిది మంది ఒకే ఊపిరి పీల్చడం నేర్చుకోవాలి.
నాకు పోస్టుకార్డులు రాసేది, ఒక్కో దాంట్లో ఒక్క అంకె:
"ఆరు నిమిషాల యాభై రెండు. వీబ్కె."
జిగురు డబ్బా పైన గోడకి గుచ్చేవాణ్ణి.
ఒక కార్డులో అంకె లేదు.
"దగ్గాను. పక్కటెముక చిట్లింది.
నా సీట్లో ఇంకొకరున్నారు" అని ఉంది.

తిరిగి తన సీటు తను తెచ్చుకుంది.
లూసెర్న్ సరస్సు మీద ఫైనల్.
మూడొందల మీటర్లుందనగా, రెండో స్థానంలో ఉండగా,
తెడ్డు నీళ్లలో ఇరుక్కుని
పిడి వచ్చి డొక్కలో పొడిచింది.
దాన్ని మా వాళ్లు పీత పట్టడం అంటారు.
మూడు ఊపుల్లో విడిపించుకుంది.
ఆ మూడు ఊపుల్లో రెండు పడవలు దాటిపోయాయి.
ఒడ్డున ఎవరూ ఆమెని ఒక్క మాటా అనలేదట.
అంటే బావుండేది.

ఇంటికొచ్చాక ఫోల్కె నాయనమ్మ టీ పోసింది.
కలకండ పలుకు వేడికి చిటపటమంది,
మీద మీగడ మబ్బులా విప్పుకుంది.
జీవితమంతా గ్రీట్‌జీల్ రేవులో రొయ్యలు ఒలిచిన మనిషి.
"మన ఇంటావంటా రొయ్యలే కదే,
ఈ పీతని ఎక్కణ్ణించి పట్టుకొచ్చావ్?" అంది.
అప్పుడు నవ్వింది పిల్ల. నవ్వీ నవ్వీ
కప్పు కింద పెట్టి ఏడ్చింది.
మా వైపు మూడో కప్పు అయ్యేదాకా
లేవడం మర్యాద కాదు కనక
అందరం కూర్చునే ఉన్నాం.

ఆ తర్వాత రెండేళ్లకి వెండి పతకం తెచ్చింది.
దాని సంగతి ఎవరూ అడగరు.
రొట్టెల దుకాణంలో కూడా పీత సంగతే.

ఇప్పుడు ముప్ఫై నాలుగు. ఎమ్డెన్ రేవులో
ఓడలెక్కే కార్లు లెక్కపెట్టే ఉద్యోగం.
పదకొండు వేల కార్లుంటే ఒక్కటి తప్పినా పట్టేస్తుందట.
ఆదివారాలు చీకటుండగానే వస్తుంది,
నన్ను పలకరించదు, పడవ భుజానికెత్తుకుంటుంది.

నిన్న పొగమంచు. చేతికి చెయ్యి కనపడదు.
చప్పుడు వింటూ కొయ్య నున్న చేస్తున్నాను.
ఆమె తెడ్డే. కుడిది రవ్వంత ముందు పడుతుంది,
ఇరవై ఏళ్లుగా చెబుతున్నా, మానదు.
నది మధ్యలో ఆగిపోయింది.

ఉప్పు కాగితం పక్కన పెట్టాను.
పదకొండు దాకా లెక్కపెట్టాను.
పన్నెండు.

ఇనుము మీద ఇనుము, సన్నగా, టక్కుమని.
నట్టు బిగిస్తోంది.