రెండు వేళ్ళ మందం

రాచా కొండల్లో మంచు కన్నా ముందు దాని వాసన వస్తుంది,
తడిసిన ఇనుము వాసన.
అది ముక్కుకు తగలగానే జుంబెర్ గవాషెలి
పార భుజాన వేసుకుని బడి వైపు నడిచేవాడు.
ఇంజనీరు అయ్యుండి
పైకప్పెక్కి మంచు తోస్తున్నాడే అని
రొట్టెల కొట్టు ముందు చెప్పుకునేవాళ్ళం.
ఒకసారి నేనే వేడి సూపు పంపించాను.

మున్సిపల్ ఆఫీసులో రికార్డుల గుమస్తాను నేను.
ఆయన సంతకం పక్కన ముద్ర గుద్దిన చెయ్యి నాదే.
పదిహేడేళ్ళు.
పదకొండు వంతెనలు, ఏడేళ్ళ కిందట ఒక బడి.

మార్చిలో కొత్త ఉత్తర్వు వచ్చింది:
లైసెన్సున్న ప్రతివాడి పట్టా
చదివిన చోటికి పంపి సరిచూసుకోవాలని.
ముప్పై రెండు కవర్లకు నేనే జిగురు రాశాను.
ముప్పై ఒకటి క్షేమంగా తిరిగొచ్చాయి.
చివరిదాంట్లో మూడు వాక్యాలు:
ఈ నంబరు పట్టా మేమిచ్చిందే.
ద్రాక్షతోటల శాస్త్రం చదివిన నానా కెవ్లిష్విలికి ఇచ్చాం.
గవాషెలి అనే పేరు మా పుస్తకాల్లో లేదు.

ఆ పట్టా ఎన్నిసార్లు చూళ్ళేదు!
గాజు వెనక, ఆయన కుర్చీకి పైన,
అంచున బంగారు తీగ.
అసలు దానికన్నా అందంగా ఉందని
కోర్టులో నిపుణుడు అన్నాడు, కాస్త మెచ్చుకోలుగానే.

తొంభైల్లో కరెంటు లేదు, రొట్టె లేదు,
కొవ్వొత్తి వెలుగులో ఎవరేం కొన్నారో
ఎవరడిగారన్నాడు ఆయన లాయరు.
చట్టం ఆ రోజుల్ని తూచే తక్కెడ తెచ్చుకోలేదు.
దొంగ పత్రం చేయించడం ఒక నేరం,
దాన్ని చూపించడం ఇంకోటి,
చూపించి జీతం తినడం మూడోది.
జడ్జి చదువుతున్నంతసేపూ
జుంబెర్ తన చేతుల్నే చూసుకున్నాడు,
ఎవరో మర్చిపోయి వెళ్ళిన వస్తువుల్లా.

అసలు దెబ్బ ఆ తరువాత:
ఆయన సంతకాలేవీ చెల్లవు.
ఒక్క పూటలో పదకొండు వంతెనలు
కాగితం మీద కూలిపోయాయి.
రియోని మీద మాత్రం నిలబడే ఉన్నాయి,
కింది నీళ్ళకు తీర్పు తెలియదు.
పాల లారీలు ఇవతలి ఒడ్డున ఆగాయి.
మా మరిది గొర్రెల్ని ఏట్లోకి దింపి దాటించాడు
చట్టాన్ని తిట్టుకుంటూ.
నేనూ తిట్టాను, దాచడమెందుకు.
పడని వంతెనని ఎవరైనా అనుమానిస్తారా?

త్బిలిసీ నుంచి ఒక అమ్మాయి వచ్చింది.
ఖాతూనా. ఇరవై ఏడేళ్ళు, విడవని జలుబు.
చిన్న సుత్తితో కాంక్రీటును తట్టి
చెవి ఆనించి వినేది, డాక్టరు గుండె విన్నట్టు.
బాగుంది. ఇదీ బాగుంది. ఇదీ.
పదకొండోది దిగి వచ్చి
మనిషికి పని తెలుసు, అంది.
ఊరు ఊరంతా గెలిచినట్టు నా వైపు చూసింది.

ఆఖరికి బడి.
దూలం కొలిచింది. మళ్ళీ కొలిచింది.
టేపు రెండో కొస నన్ను పట్టుకోమంది.
వంతెనలకు పాత నమూనాలుంటాయి, చూసి కట్టొచ్చు.
ఇంత వెడల్పు కప్పుకు లెక్క వెయ్యాలి, అంది.
రెండు వేళ్ళ మందం తక్కువ.
ఎంత మంచు ఆగుతుంది?
మోకాలిదాకా. నడుం దాకా పడితే...
ముక్కు తుడుచుకుంది. మిగతాది చెప్పలేదు.

మా మనవరాలు ఎలిసోది మూడో బెంచీ.
సరిగ్గా ఆ దూలం కిందే.

ఆ రాత్రి పొయ్యి ముందు కూర్చుంటే
పార గుర్తొచ్చింది.
మోకాలు దాటనివ్వకుండా,
తెల్లారకముందే, ఒక్కడే,
ఏడు శీతాకాలాలు.

ఆయనకు తెలుసు.
చెప్పాలంటే ముందు గోడ మీది పట్టా దించాలి.
దానికన్నా రోజూ నిచ్చెనెక్కడమే తేలికైంది.
పట్టా, నకలు, సాక్షులు, అన్నీ ఫైల్లో ఉన్నాయి.
పారను ఎవరూ జప్తు చెయ్యలేదు.

అక్టోబరులో ఆయన్ని తీసుకెళ్ళారు.
పిల్లలిప్పుడు పాత సినిమా హాల్లో చదువుతున్నారు,
తెర మీద సుద్దతో లెక్కలు.
నిన్న సాయంత్రం తడి ఇనుము వాసన.
ఈ రాత్రి మంచు మోకాలు దాటింది,
ఇంకా పడుతోంది.
తాళం వేసిన ఖాళీ బడి అని తెలిసి కూడా
దీపం ఆర్పకుండా
వింటున్నాను.