ఇటుకుంబం బంగళా

నల్లపాడు రోడ్డు, సర్వే నంబరు నూట పద్నాలుగు బై రెండు.
రోవర్ మిషను రిపేరుకు పోయింది, అందుకని పాత గొలుసే.
ఒక కొస నా చేతిలో, రెండోది చైన్‌మన్ మస్తాన్‌వలి చేతిలో.
గేటు నుంచి మెట్ల దాకా మూడు గొలుసుల ఎనభై ఆరు లింకులు.
రేపు కూల్చేదాన్నైనా ఇవాళ కొలవాలి,
మా శాఖ రివాజు అది.

విట్‌కూంబ్ అన్నది దస్తావేజులో పేరు.
పొగాకు బేళ్లు మోసే నోళ్లలో అరిగి ఇటుకుంబం అయింది.
ఇటుకుంబం దొర, ఇటుకుంబం దొరసాని,
కుంటుతూ నడిచే ఇటుకుంబం గుర్రం.
వాళ్ల తాతగారి ఇల్లు సీమలో ఏ గుట్ట పక్కనో ఉండేదట.
దాన్ని జ్ఞాపకం మీద గీసి
ఇక్కడ, నల్లరేగడి మీద లేపాడు.
వానకు ఉబ్బి, ఎండకు నోరు తెరిచే నేల
పరాయి ఇంటికి లొంగుతుందా?
తూర్పు గోడ పగులులో నా చెయ్యి మోచేతి దాకా పడుతుంది.

గడ్డి పచ్చగా ఉండాలని రోజంతా కపిల తోలేవాళ్లు.
అదే ఎండాకాలం, కొట్టాల వెనక గూడెంలో
బావి అడుగు చిప్పతో గీకారు.

ఇక హాల్లో, పొయ్యి.
వంటకి కాదు, చలి కాచుకోడానికి.
రోహిణికి రోళ్లు పగిలే గుంటూర్లో!
దుర్గి నుంచి రాయి తెప్పించి ద్రాక్షతీగ చెక్కమన్నాడట.
ద్రాక్ష చూడని శిల్పి
తనకు తెలిసిన తమలపాకులు చెక్కి ఇచ్చాడు.
దొర ఏమీ అనలేదు. బహుశా తేడా మరిచిపోయాడేమో అప్పటికే.

మా నాయనమ్మ సువార్తమ్మ గ్రేడింగు కొట్టంలో ఆకు ఏరేది.
ఒక మచ్చుంటే రెండో రకం, రెండుంటే మూడో రకం.
దగ్గితే కోత. పాడితే కోత.
చంటిబిడ్డకు పాలివ్వడానికి లేస్తే అర్ధణా.
కోతలన్నీ ఎర్రట్ట పుస్తకాల్లో, పక్కన వేలిముద్ర.

ఆ పొయ్యి ఎన్నడూ వెలగలేదని ఊళ్లో చెప్పుకుంటారు.
నాయనమ్మ ఒప్పుకునేది కాదు, ఒక్కసారి వెలిగిందనేది.
దొర వెళ్లిపోయే ముందు రోజు. శ్రావణ మాసం, ఉక్క.
పొగగొట్టం మీద పొగ.
ఆడవాళ్లంతా చేతుల్లో ఆకుతోనే బయటికొచ్చి నిలబడ్డారట.
"ఆకు పొగ కాదే అది, కాగితం పొగ,
ఇరవై ఏళ్లు ముక్కుతో బతికినదాన్ని, నాకు తెలీదా?
నా వేలు కూడా పోయింది పైకి"
అని, ఎందుకో నవ్వేది.

తర్వాత కొత్తమాసు వారు కొన్నారు.
డాన్సు హాలు నిండా మిరప బస్తాలు.
ఇప్పటికీ గోడకు ఆనుకుంటే తుమ్మొస్తుంది.
వాళ్ల తర్వాత ఎంసెట్ హాస్టలు,
దొరసాని పడగ్గదిలో పద్దెనిమిది ఇనప మంచాలు.
కిటికీ పక్కన పెన్సిలుతో బెంజీన్ బొమ్మ,
దాని కింద "ఇంకా 41 రోజులు".
ఎవరో, ఏ ఊరివాడో.

గేటు బయట కొత్త బోర్డు: ఇంగ్లిష్ కౌంటీ విల్లాస్.
ఆఫీసు కుర్రాడు ఏసీలో కూచోబెట్టి బ్రోచరు చూపించాడు.
ప్రతి ఇంట్లో చలిమంట పొయ్యి ఉంటుందట, కరెంటుది.
"వేడి రాదు మేడమ్, మంట బొమ్మ మాత్రం కనపడుద్ది."
మరి ఇదో, నిజంది, దీన్నేం చేస్తారన్నాను.
"రాయికి పార్టీ ఉంది, హైదరాబాదు."

పొయ్యిలోకి వంగి చెయ్యి పైకి పెట్టాను.
గోరువంక గూడు, కొంచెం పీచు,
ఆ పైన మసి, మెత్తగా, బొట్టుకాటుకలా.
ఫీల్డు బుక్కులో రిమార్కుల గడి అరంగుళం.
అందులో "పొగగొట్టం, ఒకటి" అని రాసి చూస్తే
పక్కనే నా బొటనవేలు పడి ఉంది నల్లగా,
గీతలతో సహా.
తహసీల్దారు ఫెయిర్ కాపీ అడుగుతాడు.

"మేడమ్, గొలుసు లాగండి" అంటున్నాడు మస్తాన్‌వలి,
"పడమటి వైపు ఇంకా మిగిలే ఉంది."