చివరి కిట్

ఫహాహీల్‌లో మా క్లినిక్, కిరాణా దుకాణం మీద రెండో అంతస్తు.
ఐదున్నరకే బస్సు దిగుతారు ఫిట్‌నెస్ కార్డు కోసం,
నీలం సూట్లవాళ్లు,
ఒక్కొక్కరి చేతిలో ఒక్కో డబ్బా,
మూత కింద కడక్ చాయ్ రంగు.
ఆ రంగు గురించి నేనేమీ అనను.
క్రియాటినిన్ చూడటం, ముద్ర వేయటం, అంతే నా పని.

క్రియాటినిన్ పెద్దమనిషి.
సగం ఇల్లు కాలాక వచ్చి
గడపలో నిలబడి దగ్గుతుంది.

ఎన్‌గాల్ అట్లా కాదు.
కిడ్నీ లోపలి సన్నగొట్టంలో నాలుగు కణాలు కమిలితే చాలు,
రెండు మూడు గంటల్లో మిస్డ్ కాల్ ఇస్తుంది.
కంపెనీవాడు నమూనాకిచ్చిన పది కిట్లలో
తొమ్మిది కఫీల్ చుట్టాలకే అయిపోయాయి.
ఒకటి మిగిలింది, ఫ్రిజ్‌లో, నా పెరుగు డబ్బా వెనక.

గంగరాజం. స్కాఫోల్డింగ్. మల్యాల దగ్గర ఊరు.
క్రియాటినిన్ ఒకటి పాయింట్ ఒకటి. ఫిట్.
లేచి పోతూ గోడ పట్టుకున్నాడు.

పెరుగు డబ్బా పక్కకు జరిపాను.

గీత పడటానికి పదిహేను నిమిషాలు.
"నడుము నొస్తది మేడం, పొద్దుగాల రెండు గోళీలు, రాత్రి రెండు."
నీళ్లు?
"ఇరవై మీటర్ల మీద ఉంట. తాగితె దిగాలె. దిగితె గంట కోస్తరు."

పడింది గీత, గోరింటాకంత ఎర్రగా.
"ఏందది?"
ఒక ప్రోటీను, అన్నాను.
మొహం విప్పారింది.
"మంచిదే గద? గుడ్లల్ల ఉంటదంటరు."

ఆ గుడ్డు వేరు, ఈ గీత వేరు అని
ఎట్లా చెప్పానో నాకే గుర్తులేదు.
చెప్పేసరికి నా చెయ్యి పట్టుకున్నాడు:
"రాయకు. అన్‌ఫిట్ అంటె టికెట్ చేతుల పెడ్తరు.
బోరు ఏపిచ్చిన మిత్తే తెగలె ఇంక.
నీళ్లు సుత పడలె దాంట్ల."

గోళీల చీటీ నా ముందే బుట్టలో వేయించాను.
బడిపిల్లాడిలా కూర్చోబెట్టి రెండు సీసాలు తాగించాను.
డాక్టర్ వెంటపడి మూడు రోజులు నీడపని రాయించాను,
వారానికి మళ్లీ రమ్మని కూడా.
కారణం: నడుము నొప్పి.
ఎన్‌గాల్‌కి ఆ ఫారంలో గడి లేదు.
అంచున పెన్సిల్‌తో రాశాను,
గట్టిగా, తుడిచినా నొక్కు మిగిలేలా.

కింద బస్సు హారన్ కొడుతోంది.
తర్వాతి డబ్బా మూత తీశాను.
నురగ.