డెబ్భైమూడు

తేమా రేవు వెనక మా షెడ్డు.
ఓడలు వద్దనుకున్న కంటైనర్లు
చివరికి నా దగ్గరికి వస్తాయి,
ఒంటినిండా సొట్టలు, మూలల్లో తుప్పు,
నుదుటి మీద చెరిగీ చెరగని నంబరు.
ఎన్ని సముద్రాలు దాటాయో నన్నడక్కండి.
దాటేటప్పుడు వాటికి కిటికీల్లేవు,
అవీ ఏమీ చూడలేదు.

ముందు తలుపు తీసి వాసన చూస్తాను.
ఒకదాంట్లో ఉల్లిపాయ, ఒకదాంట్లో పురుగుమందు,
ఒకసారి, ఒట్టు, కొత్త బొమ్మల వాసన.
నేల చెక్కలు పెకిలించి ఎండలో పారేస్తే
సందుల్లో దొరికినవి నావి:
గుప్పెడు బియ్యం, ఒంటి చేతి తొడుగు.
గోడ మీది సుద్ద గీతల్ని మాత్రం
వెంటనే తుడవను.
ఎవడో లెక్క పెట్టుకున్నాడు కదా,
మధ్యాహ్నం దాకా ఉండనిస్తాను.

ఎసినామ్ వచ్చింది పోయిన వానాకాలం,
మెడలో టేపు, గుప్పిట్లో చీటీ డబ్బు.
కుట్టుమిషను కొట్టు కావాలంది.
కిటికీ పడమర పెట్టమంది.
పడమటెండకి ఇనుము పెనమవుతుంది తల్లీ,
చేపలు వేయించుకోవచ్చు అన్నాను.
"బస్సులు ఆగేది అటే.
దిగేవాళ్లకి కనపడాల్సింది నా మొహం కాదు,
ఆడుతున్న నా సూది."

గీశాను. నాలుగడుగులు, మూడడుగులు.
గ్రైండరు ఆనితే పెట్టె మొత్తం కేకేస్తుంది,
పక్క షెడ్డు అజుమా
పురుడు పోస్తున్నావా అని అరుస్తాడు.
ముక్క దభీమని బయటికి పడింది,
అదే కొలతలో వెలుగు లోపలికి పడింది.
ఆ ముక్కకే బందులు వేశాను,
ఎత్తితే చూరు, దించితే తలుపు.
గోడలకి కొబ్బరిపీచు, దాని మీద ప్లైవుడ్,
నెత్తిన తాటాకు.
రంగు ఆమే వేసుకుంది, పచ్చిమామిడి రంగు,
నంబరులో చివరి రెండంకెలు వదిలేసి.
అదేమంటే,
"బస్సులో చెప్పాలిగా, డెబ్భైమూడు దగ్గర ఆపమని."

పద్నాలుగు నెలలు.
ఒక తెల్లారుజామున గోడ మీద
ఎర్ర రంగుతో మునిసిపాలిటీ రాత:
ఏడు రోజుల్లో తీసెయ్యాలి, రోడ్డు వెడల్పు.
పక్కన సిమెంటు దిమ్మల కొట్లవాళ్లు
గోడలకేసి చూసి కూలబడ్డారు.
ఎసినామ్ నాకు ఫోను చేసింది.
"మూలలు కొయ్యలేదు కదా నువ్వు?"
కొయ్యలేదు.
క్రేను కొక్కెం దూరే ఆ నాలుగు మూలల్ని
నేనెప్పుడూ కొయ్యను.
పరదాలు కట్టి దుకాణమని పిలిచినా
అది ప్రయాణం మానుకోలేదని నాకు తెలుసు.

ఏడోరోజు లారీ వచ్చింది.
లోపల ఎవరూ ఉండకూడదన్నాడు డ్రైవరు.
ఆదివారం సెలాసి బిడ్డకి పేరు పెడతారు,
తల్లి గౌను అంచు ఇంకా సగమే అయింది.
అతను టైరు తన్ని చూసుకుంటుంటే
ఈమె లోపలికి దూరింది.
చేత్తో తిప్పే మిషను, కరెంటుతో పనిలేదు.
ఎత్తిన కిటికీలోంచి
మార్కెట్టు, పెట్రోలు బంకు, కోళ్ల గంపలు
ఒక్కొక్కటే వెనక్కి నడిచాయి.
కడుపులో చల్ల కదలని ప్రయాణం కాదు మరి.

గౌను ఇచ్చేరోజు నేనక్కడే ఉన్నాను,
కొత్త చోట పెట్టె కింద దిమ్మలు సరిచేస్తూ.
అంచు తిప్పి నాకొక్కడికే చూపించింది.
తిన్నగా వచ్చిన కుట్టు
మూడుచోట్ల వంకర పోయింది.
"ఇది చౌరస్తా గుంత.
ఇది రైలు పట్టాలు."
మూడోది గుర్తు రావట్లేదంది.

నాకు గుర్తుంది.
వెనకాలే మోటారుసైకిలు మీద వస్తూ
నా బందులు ఊడతాయేమోనని
కిటికీ దించమని
అరిచింది నేనే.