కౌలు సీటు

పొద్దున నాలుగున్నరకి చోక్ లాగి
రెండు నిమిషాలు ఆగాలి.
ఆ రెండు నిమిషాలు ఓపలేనోళ్ళ కోసమే
బటన్ నొక్కితే లేచే బళ్ళు పుట్టాయి.
నా కాంటెస్సా ముందు దగ్గుద్ది,
గొంతు సవరించుకుంటది,
లాయరుపేట కుక్కలన్నిటికీ కబురు చెప్పి
అప్పుడు కదులుద్ది.

మొన్న మా హజరత్తయ్య బైపాస్ మీది షోరూముకి లాక్కుపోయాడు.
ఏసీలో గులాబీ నీళ్ళ వాసన.
బండికి పట్టుగుడ్డ కప్పి, దండేసి,
పెళ్ళిపీటల మీద తెర దించినట్టు దించారు.
చెవిలో వైరున్న కుర్రాడు
ఇంజను గురించి ఒక్క ముక్క చెప్పలేదు,
టీవీ ఎన్ని అంగుళాలో చెప్పాడు.
సీటు చల్లబడాలంటే నెలనెలా కట్టాలంట.
డబ్బు పోసి కొన్న సీటు,
కూర్చునేది నా పిర్రలు,
మధ్యలో ఈ కౌలేంది అబ్బాయా?
బానెట్ ఎత్తమన్నా.
నల్ల ప్లాస్టిక్ మూత, మూత మీద కంపెనీ పేరు.
"అది మనం తియ్యకూడదు సార్."
హజరత్తయ్య మాత్రం
వాళ్ళిచ్చిన బాదంపాలు రెండు గ్లాసులు తాగాడు.

ఎవరూ అడగరు గనక నేనే చెబుతున్నా.
హారన్ గట్టిగా కొట్టేవాడికి
తన బ్రేకు మీద నమ్మకం లేదు.
కర్నూలు రోడ్డులో కళ్ళల్లో లైటు కొట్టుకుంటూ వచ్చే
ఏనుగంత తెల్లబండ్లకి
క్వారీ ఎవరిదో, కిస్తీ ఎవరిదో
ఆ బ్యాంకుకే తెలియాలి.
డ్రైవరంటే నా లెక్కలో ఒకడే.
పేరు క్యాబిన్ మీద రాసుంది: ఖాదర్ వలి, కనిగిరి.
చీమకుర్తి రాయి ముప్పై టన్నులు వెనకేసుకుని
కుక్కపిల్ల అడ్డమొస్తదేమోనని
ఫర్లాంగు ముందే గేరు దించుతాడు.
అద్దంలో నన్ను చూసి
ఇండికేటర్ రెండుసార్లు మినుకుమనిపిస్తాడు, పో అని.
నేను దాటి, డిప్పర్ కొడతా.
పదకొండేళ్ళ పరిచయం,
మొహం ఇంతవరకు సరిగ్గా చూళ్ళేదు.

ఈ బండిది పొగాకు కంపెనీ పుట్టుక.
తొంభై ఒకటిలో జనరల్ మేనేజరు కోసం
మద్రాసు నుంచి దిగింది.
కంపెనీ మూతపడి, గ్రాట్యుటీ కోసం జనం
కలెక్టరాఫీసు ముందు టెంటేసుకున్న వారంలోనే వేలం.
ముప్పై రెండు వేలకి పాట నేనే కొట్టా.
ఇంటికి తెచ్చి వెనక సీటు ఊడదీస్తే
స్ప్రింగుల సందులో ఒక హోటల్ బిల్లు.
మద్రాసు. నలుగురు. ఒక రాత్రి.
నాలుగు వేల ఆరు వందల నలభై.
ఆ ఏడు మా అమ్మ అదే కంపెనీ షెడ్డులో
ఆకు గ్రేడింగు చేసేది, రోజుకి పదహారు.
భాగించకుండా ఉండాల్సింది.
రెండు వందల తొంభై రోజులొచ్చింది.
సీజను ఆరు నెలలే మరి,
మిగతా రోజులు ఎక్కడి నుంచి తేవాలో
ఆ బిల్లులో లేదు.

అమ్మని ఒకసారి ఆ సీట్లోనే కూర్చోబెట్టి
పాత గేటు ముందు నుంచి తిప్పా.
లోపల అపార్టుమెంట్లు లేస్తున్నాయి.
పొగాకు జిగురు ఎన్నడూ పూర్తిగా వదలని చేత్తో
సీటు నిమిరింది.
"మెత్తగుందిరా" అంది.
కాసేపాగి,
"ఆయనకి నడుంనొప్పి అనేవాళ్ళు పాపం" అంది.

బిల్లు పారెయ్యలేదు. ఆర్సీ పక్కనే ఉంది.
పోలీసులు ఆపితే ఒక్కోసారి
ముందు అదే చేతికొస్తది.

ఇదంతా తెలిసీ
కొత్తపట్నం రోడ్డెక్కి మూడో గేరులో కాలు నొక్కితే
ఆ గుర్రుకి ఒళ్ళు జలదరిస్తది,
అమ్మ గుర్తురాదు, షెడ్డు గుర్తురాదు.
లీటరుకి ఎనిమిది, అదీ గుర్తురాదు.
సిగ్గు పడాల్సిన సంగతే.
ఊరు దాటాక ఉప్పుగాలి కోసం అద్దం దించుతా.
పిడి విరిగి నాలుగేళ్ళు,
డాష్‌బోర్డు మీద కటింగ్ ప్లేయరు ఉంటది,
దాంతోనే తిప్పుతా.